చేనికాడి 5 వోల్టుల చార్జర్: షార్ట్ అయినా కాలకుండా కట్టుకోవడం ఎలా

కళ్యాణదుర్గం పక్కన మా చిన్నాయనకు చెనక్కాయ చేను ఉంది. కాయ ఊరే రోజుల్లో అడవి పందుల భయానికి రాత్రి కావలి తప్పదు. కొట్టం మీద 40 వాట్ల సోలార్ ప్యానెల్, లోపల 12 వోల్టుల బ్యాటరీ, దాని 12 వోల్టులను ఫోన్ చార్జింగుకు 5 వోల్టులకు దించే చిన్న బక్ మాడ్యూల్ (రెగ్యులేటర్ చిప్పున్న బోర్డు). అన్నీ నేనే కట్టిచ్చాను. రెండో నెలలో 5 వోల్టుల వైరును ఎలుక కొరికింది. కొరికిన చోట రెండు తీగలూ పూర్తిగా తగులుకోలేదు. సగం తగిలి, మధ్యలో ప్లాస్టిక్ మాడి బొగ్గయింది. పొద్దున చూస్తే బోద కప్పులో అరచెయ్యంత నల్ల మచ్చ. ఫ్యూజు అలాగే ఉంది. మాడ్యూల్ మీద లైటు కూడా వెలుగుతూనే ఉంది.

"షార్టయితే ఏం కాదు, అదే ఆగిపోతాదంటివి కదరా" అన్నాడు చిన్నాయన.

నేను అబద్ధం చెప్పలేదు. ఆ మాడ్యూల్ చిప్పులో కరెంట్ లిమిట్, అంటే కరెంటును ఒక హద్దు దాటనివ్వని ఏర్పాటు, ఉంది. కానీ అది 4.5 ఆంపియర్ల దగ్గర పట్టుకుంటుంది. ఎలుక కొరికిన చోట అంత పోలేదు. రెండున్నర ఆంపియర్లు పోయిందనుకున్నా 5 వోల్టుల దగ్గర అది పన్నెండున్నర వాట్లు. షాపులో వాడే 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌లో సగం. దాన్ని ఎండుగడ్డిలో పెట్టి రాత్రంతా వదిలేసినట్టు. చిప్పు దృష్టిలో మాత్రం అది మామూలు లోడే, ఎవరో ఫోన్ చార్జింగ్ పెట్టుకున్నారంతే.

అప్పుడు మొత్తం విప్పి మళ్లీ కట్టాను. మీరు కూడా ఇలాంటిది కట్టేపనైతే, ఏ వరుసలో చేయాలో కింద రాస్తున్నాను.

ముందు మూడు రకాల ప్రమాదాలను విడదీసుకోండి

మొదటిది, అవుట్‌పుట్ వైర్లు నేరుగా తగులుకోవడం. దీన్ని రెగ్యులేటర్ చిప్పు తనంతట తానే తట్టుకోవాలి. రెండోది, నేను పైన చెప్పిన సగం షార్ట్. దీనికి కరెంట్ లిమిట్‌ను మీ అవసరానికి దగ్గరగా మీరే బిగించాలి. మూడోది చాలామంది తలచుకోనిది: చిప్పు లోపలి స్విచ్చే కాలి షార్ట్ అయిపోవడం. బక్ రెగ్యులేటర్ ఒక స్విచ్చును వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ వోల్టేజీని దించుతుంది. ఆ స్విచ్చు ఇన్‌పుట్‌కూ అవుట్‌పుట్‌కూ మధ్య ఉంటుంది కాబట్టి, అది షార్టయితే 12 వోల్టులు నేరుగా ఫోన్‌లోకి పోతాయి. అప్పుడు ఏ కరెంట్ లిమిటూ పనిచేయదు, పనిచేయాల్సిన చిప్పే పోయింది కదా.

ఫ్యూజు పెట్టాను, ఇక టెన్షన్ లేదు అనుకునేవాళ్లకు ఇక్కడ ఒక లెక్క. అవుట్‌పుట్ షార్టయినప్పుడు రెగ్యులేటర్ 4.5 ఆంపియర్లు ఇస్తూనే ఉంటుంది, కానీ వోల్టేజీ దాదాపు సున్నాకు పడిపోతుంది. సున్నా వోల్టులకు పవర్ ఎంత? ఏమీ లేదు. అందుకే బ్యాటరీ నుంచి లాగే కరెంటు పెరగకపోగా తగ్గుతుంది. ఇన్‌పుట్ ఫ్యూజుకు ఆ షార్ట్ కనపడనే కనపడదు. అవుట్‌పుట్‌లో 5 ఆంపియర్ల ఫ్యూజు పెట్టారా, చిప్పు 4.5 దాటనివ్వదు కాబట్టి అదీ తెగదు. ఫ్యూజు ఉన్నది వైరు కోసం, చిప్పు చచ్చిన రోజు కోసం. చిప్పును బతికించడానికి కాదు.

మొదటి పని: బ్యాటరీ దగ్గర ఫ్యూజు

7 ఆంపియర్ అవర్ల చిన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ కూడా షార్టయితే వంద ఆంపియర్లకు పైనే ఇస్తుంది. కాబట్టి ఫ్యూజు పాజిటివ్ టెర్మినల్‌కు జానెడు దూరం దాటకూడదు. మాడ్యూల్ పక్కన పెడితే బ్యాటరీ నుంచి అక్కడిదాకా ఉన్న వైరుకు దిక్కులేదు.

విలువ ఇలా లెక్కేసుకోండి. 5 వోల్టులు, 2 ఆంపియర్లు అంటే 10 వాట్లు. మాడ్యూల్ 80 శాతం సామర్థ్యంతో నడిస్తే లోపలికి పన్నెండున్నర వాట్లు కావాలి. బ్యాటరీ దిగిపోయి 11 వోల్టుల దగ్గర ఉన్నప్పుడు అది 1.1 ఆంపియర్లు. గమనించండి, బ్యాటరీ వోల్టేజీ తగ్గేకొద్దీ లాగే కరెంటు పెరుగుతుంది, స్విచింగ్ రెగ్యులేటర్ల గుణమే అంత. 3 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతుంది. కారు, ఆటో సామాన్ల షాపులో బ్లేడు ఫ్యూజు అడగండి. 3 ఆంపియర్లది ఊదా రంగులో ఉంటుంది, 10 ఎరుపు, 15 నీలం. షాపువాడు 3 లేదని 10 ఇస్తే తీసుకోవద్దు.

వైరు కూడా చూసుకోండి. ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగకు మీటరుకు దాదాపు 18 మిల్లీఓమ్‌ల రెసిస్టెన్స్. పది మీటర్ల దూరానికి పోను, రాను 20 మీటర్లు, అంటే 0.36 ఓమ్. అటు చివర షార్టయితే 12 వోల్టుల దగ్గర 33 ఆంపియర్లు, 3 ఆంపియర్ల ఫ్యూజు వెంటనే ఎగిరిపోతుంది. అదే వైరులో 5 వోల్టులు పంపితే 2 ఆంపియర్లకే 0.72 వోల్టు దారిలో పోతుంది, ఫోన్ నత్తనడకన ఎక్కుతుంది. కాబట్టి దూరం 12 వోల్టులతో లాగండి, మాడ్యూల్‌ను ఫోన్ పెట్టే చోటే బిగించండి. నేను మొదటిసారి చేసింది తిరగేసి. 5 వోల్టుల వైరును కొట్టం చూరంతా తిప్పాను, ఎలుకకు అదే దొరికింది.

రెండో పని: చిప్పు డేటాషీట్‌లో మూడు అంకెలు చూడండి

నీలం రంగు చిన్న మాడ్యూళ్లలో ఎక్కువగా కనపడేది ఎల్‌ఎం2596. 3 ఆంపియర్ల చిప్పు, ఇన్‌పుట్ 40 వోల్టుల దాకా, స్విచింగ్ వేగం 150 కిలోహెర్ట్జ్. డేటాషీట్‌లో (చిప్పు తయారీదారు ఇచ్చే వివరాల పత్రం) కరెంట్ లిమిట్ దగ్గర మూడు అంకెలుంటాయి: కనిష్ఠం 3.6, మామూలుగా 4.5, గరిష్ఠం 6.9 ఆంపియర్లు. అంటే మీ చేతిలో ఉన్న ముక్క 3.6 దగ్గరే పట్టొచ్చు, 6.9 దాకా వదిలేయనూ వచ్చు. లోడు నిర్ణయించేటప్పుడు కనిష్ఠాన్ని చూడండి. మాడ్యూల్ మీది కాయిల్ (కోర్ మీద చుట్టిన తీగ), డయోడ్ (కరెంటును ఒక వైపే పోనిచ్చేది) ఎంచుకునేటప్పుడు గరిష్ఠాన్ని చూడండి. మధ్య అంకె పట్టుకుని లెక్కలేస్తే రెండు వైపులా దెబ్బే.

కాయిల్ సంగతి ఎందుకంటే, ఫెర్రైట్ కాయిల్ ఒక కరెంటు దాటగానే సాచురేట్ అయి, కాయిల్ గుణం పోయి వట్టి తీగలా తయారవుతుంది. ఆ క్షణంలో కరెంటు నిట్టనిలువుగా లేస్తుంది. చిప్పు పసిగట్టి స్విచ్చు ఆపేలోపే చేయి దాటిపోతుంది. ఇనుప పొడి కోర్లున్న కాయిల్స్ అంత ఒక్కసారిగా కాకుండా మెల్లగా సాచురేట్ అవుతాయి.

డయోడ్ సంగతి ఇంకా మోసం. మామూలు రోజుల్లో 12 నుంచి 5కు దించేటప్పుడు స్విచ్చు సగానికి కాస్త తక్కువ సేపు, డయోడ్ మిగతా సేపు కరెంటు మోస్తాయి. షార్టయినప్పుడు స్విచ్చు రెప్పపాటు మాత్రమే ఆన్ అవుతుంది. మిగతా కాలమంతా భారం డయోడ్ మీదే. 3 ఆంపియర్ల ఎస్‌ఎస్34 డయోడ్ మీద నాలుగున్నర ఆంపియర్లు నిలబడితే రెండు వాట్లకు పైగా వేడి, అంత చిన్న ముక్కలో. షార్ట్ అయి కాలిన మాడ్యూల్ చేతికొస్తే నేను చిప్పు కన్నా ముందు డయోడ్ కొలుస్తాను. వీలైతే దాన్ని 5 ఆంపియర్ల ఎస్‌ఎస్54తో మార్చేయండి, పెద్ద ఖర్చు కాదు.

ఇంకో మాట. చిప్పు మీద ఎల్‌ఎం2596 అని అచ్చు ఉన్నంత మాత్రాన అది అసలుది కాకపోవచ్చు. 150కి బదులు 50 కిలోహెర్ట్జ్ దగ్గర నడిచే నకళ్లు బజారులో బాగా దొరుకుతాయి. వాటికి పై అంకెలు వర్తించవు. అందుకే చివర్లో చెప్పే పరీక్ష తప్పించుకోకండి.

షార్టయినప్పుడు లోపల ఏం జరుగుతుంది

ఇది చదవకుండా ముందుకు పోయినా మాడ్యూల్ కట్టగలరు. కానీ తెలిస్తే చిప్పు ఎంచుకోవడం సులువవుతుంది.

స్విచ్చు ఆన్ అయినప్పుడు కాయిల్‌లో కరెంటు ఎక్కుతుంది, ఆఫ్ అయినప్పుడు దిగుతుంది. ఈ ఒక ఆన్, ఒక ఆఫ్ కలిపి ఒక ఆవృత్తి. ప్రతి ఆవృత్తిలోనూ కరెంటు హద్దు తాకగానే స్విచ్చు ఆపేయడమే మామూలు కరెంట్ లిమిట్. వినడానికి బాగుంది. కానీ కరెంటు దిగే వేగం అవుట్‌పుట్ వోల్టేజీ మీద ఆధారపడి ఉంటుంది. షార్టయితే ఆ వోల్టేజీయే లేదు, డయోడ్ మీది అర వోల్టు మాత్రమే దాన్ని దించాలి. 33 మైక్రోహెన్రీల కాయిల్ తీసుకోండి. ఎక్కేటప్పుడు మైక్రోసెకనుకు 0.36 ఆంపియర్, దిగేటప్పుడు 0.015. 150 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక ఆవృత్తి దాదాపు 6.7 మైక్రోసెకన్లు, అందులో దిగేది 0.1 ఆంపియరే. చిప్పు కరెంటును చూసి స్విచ్చు ఆపడానికి 0.4 మైక్రోసెకను పట్టిందనుకుంటే, ఆ ఆలస్యంలోనే 0.14 ఎక్కింది. ప్రతి ఆవృత్తికీ 0.04 మిగులు. సెకనుకు లక్షన్నర ఆవృత్తులు. బోరు రెండంగుళాల పైపుతో పోస్తుంటే తొట్టి కింద చీమ దూరేంత కన్నం ఉన్నట్టు, తొట్టి పొర్లక తప్పదు.

దీనికి రెండు మందులున్నాయి. ఒకటి, అవుట్‌పుట్ పడిపోగానే స్విచింగ్ వేగాన్నే తగ్గించి, దిగడానికి ఎక్కువ సమయం ఇవ్వడం. ఎల్‌ఎం2596 చేసేది ఇదే. రెండోది హికప్ మోడ్. పేరుకు తగ్గట్టే ఎక్కిళ్లు: పూర్తిగా ఆగి, కాసేపు ఊరుకుని, మెల్లగా మొదలుపెట్టి చూస్తుంది, షార్ట్ ఇంకా ఉంటే మళ్లీ ఆగుతుంది. 50 మిల్లీసెకన్లలో 2 మాత్రమే నడిచిందనుకోండి, సగటు వేడి 4 శాతానికి పడిపోతుంది. షార్ట్ తీసేయగానే తనంతట తానే లేస్తుంది. మనిషి రోజూ వచ్చి చూడని చేనికాడికి నాకిదే నచ్చింది. ఒకసారి ఆగితే పవర్ తీసి పెట్టేదాకా లేవని లాచ్ రకం కూడా ఉంది. నిప్పు భయం ఎక్కువున్న చోట అదే మేలు, కానీ కావలివాళ్లు రాత్రి పదకొండుకు ఫోన్ చేస్తారు, అదొక్కటే ఇబ్బంది.

మూడో పని: లిమిట్‌ను అవసరానికి బిగించండి

ఎలుక కథకు అసలు మందు ఇది. కరెంటు సర్దుకునే ప్రీసెట్ (స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న మర) ఉన్న మాడ్యూల్ తీసుకోండి. ఎక్స్‌ఎల్4015 చిప్పుతో రెండు నీలం ప్రీసెట్‌లున్నవి దొరుకుతాయి, ఒకటి వోల్టేజీకి, ఒకటి కరెంటుకు.

అవుట్‌పుట్‌కు ఏమీ తగిలించకుండా వోల్టేజీ ప్రీసెట్‌ను తిప్పి 5.1 వోల్టులు పెట్టండి. ఇవి చాలా చుట్లు తిరిగే రకం. నాలుగు చుట్లు తిప్పినా అంకె కదలకపోతే కంగారు పడకండి, ఇంకా తిప్పండి. తర్వాత కరెంటు ప్రీసెట్‌ను ఎడమవైపుకు పూర్తిగా తగ్గించండి. మల్టీమీటర్‌ను 10 ఆంపియర్ల రేంజిలో పెట్టి, ఎర్ర ప్రోబును మీటరులో ఆ రంధ్రానికి మార్చి, అవుట్‌పుట్ పాజిటివ్, నెగెటివ్‌ల మధ్య నేరుగా పెట్టండి. అవును, షార్ట్ చేస్తున్నారు, కావాలనే. మెల్లగా తిప్పుతూ మీకు కావలసిన దగ్గర ఆపండి. ఒక ఫోనుకు ఒకటిన్నర ఆంపియర్ చాలు, రెండు ఫోన్లకు రెండుంబావు. చాలా మీటర్లలో ఈ రేంజిని కొన్ని సెకన్లకు మించి వాడకూడదు, మధ్యమధ్యలో తీస్తూ ఉండండి. అయ్యాక ప్రోబును వోల్టేజీ రంధ్రానికి మార్చడం మరవద్దు. మరిచి బ్యాటరీ మీద పెట్టి మీటరు ఫ్యూజు పోగొట్టుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

ఈ మాడ్యూళ్లలో ఒక తిరకాసుంది. కరెంటును కొలిచే చిన్న రెసిస్టర్ నెగెటివ్ దారిలో ఉంటుంది. అంటే ఇన్‌పుట్ నెగెటివ్, అవుట్‌పుట్ నెగెటివ్ ఒకటి కావు. సౌకర్యం కోసం అన్ని నెగెటివ్‌లూ కలిపి ఒక బోల్టుకు బిగించారంటే ఆ రెసిస్టర్ పక్కనుంచి కరెంటు వెళ్లిపోతుంది, మీరు పెట్టిన లిమిట్ ఉన్నా లేనట్టే. ఇనుప డబ్బాలో పెడితే అవుట్‌పుట్ సాకెట్ బాడీ డబ్బాకు తగలకుండా చూడండి.

ఒకటిన్నర ఆంపియర్ అంటే ఇంకా ఏడున్నర వాట్లు, సగం షార్టులో అదీ వేడే. పూర్తిగా పోదు. అందుకే వైరును పీవీసీ పైపులో వేసి, రెండు మూతులూ మూసేయాలి.

మాడ్యూల్ కొనకుండా ఎంసీ34063 రెగ్యులేటర్ చిప్పుతో సొంతంగా కట్టేవాళ్లకు లెక్క ఇంకా సులువు. ఆరో కాలుకూ ఏడో కాలుకూ మధ్య ఉన్న రెసిస్టర్ మీద 0.3 వోల్టు పడగానే చిప్పు స్విచ్చు ఆపే పనిలో పడుతుంది. వోల్టేజీ దించే సర్క్యూట్‌లో పీక్ కరెంటు, అంటే ప్రతి ఆవృత్తిలో తాకే గరిష్ఠ కరెంటు, లోడుకు రెండింతలుగా తీసుకోవాలి. అర ఆంపియర్ కావాలంటే పీక్ ఒక ఆంపియర్, 0.3ను 1తో భాగిస్తే 0.3 ఓమ్. బజారులో దొరికే 0.33 ఓమ్ పెట్టండి. చిప్పు గరిష్ఠం 1.5 ఆంపియర్లు కాబట్టి 0.2 ఓమ్ కంటే దిగకండి. తీగ చుట్టిన సిమెంట్ రెసిస్టర్ ఇక్కడ వద్దు, అదే ఒక చిన్న కాయిల్‌లా పనిచేసి తప్పుడు సంకేతాలిస్తుంది.

నాలుగో పని: చిప్పు కాలినా ఫోన్ బతకాలి

ఒక ఎస్‌సీఆర్ కావాలి, అంటే గేటు అనే కాలుకు కరెంటు అందగానే ఆన్ అయి అలాగే ఉండిపోయే స్విచ్చు. బీటీ151 చాలు. దాని యానోడ్‌ను ఇన్‌పుట్ పాజిటివ్‌కు, ఫ్యూజు దాటిన తర్వాత కలపండి. కాథోడ్ నెగెటివ్‌కు. గేటుకు అవుట్‌పుట్ పాజిటివ్ నుంచి 5.6 వోల్టుల జీనర్ (ఆ వోల్టేజీ దాటితేనే వెనక్కి కరెంటు పోనిచ్చే డయోడ్), గేటుకూ కాథోడ్‌కూ మధ్య 100 ఓమ్, దాని పక్కనే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్. జీనర్ కాథోడ్, అంటే గీత ఉన్న వైపు, అవుట్‌పుట్ దిక్కుకు రావాలి. అవుట్‌పుట్ దాదాపు ఆరుంబావు వోల్టులు దాటగానే ఎస్‌సీఆర్ ఆన్ అయి బ్యాటరీని షార్ట్ చేస్తుంది, ఫ్యూజు ఎగిరిపోతుంది. దీన్నే క్రోబార్ అంటారు. కొందరు ఎస్‌సీఆర్‌ను అవుట్‌పుట్ మీద పెడతారు. అప్పుడది పొరపాటున ఆన్ అయితే చిప్పు కరెంట్ లిమిట్‌లోనే ఉండిపోయి, ఫ్యూజు తెగక, ఎస్‌సీఆర్ కాలుతూ కూర్చుంటుంది. ఇన్‌పుట్ వైపు పెడితే ఆ గొడవ లేదు. ఎక్స్‌ఎల్4015 మాడ్యూల్ అయితే ఎస్‌సీఆర్ కాథోడ్‌ను ఇన్‌పుట్ నెగెటివ్‌కే కలపండి, పైన చెప్పిన తిరకాసు గుర్తుంది కదా.

వోల్టేజీ పెంచే బూస్ట్ మాడ్యూల్‌తో 12 నుంచి 19 చేసి లాప్‌టాప్ నడపాలనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. అందులో కాయిల్, డయోడ్ ఇన్‌పుట్ నుంచి అవుట్‌పుట్‌కు నేరుగా దారి ఇస్తాయి. స్విచ్చు పూర్తిగా ఆపేసినా ఆ దారి మూతపడదు. అవుట్‌పుట్ షార్టయితే బ్యాటరీ కరెంటంతా డయోడ్ గుండానే పోతుంది. అక్కడ ఇన్‌పుట్ ఫ్యూజు ఒక్కటే దిక్కు.

ఐదో పని: చేనికి పంపే ముందు బల్ల మీద కాల్చి చూడండి

మొదటిసారి పవర్ ఇచ్చేటప్పుడు బ్యాటరీకీ మాడ్యూల్‌కూ మధ్య 12 వోల్టుల 21 వాట్ల ఇండికేటర్ బల్బు సిరీస్‌లో పెట్టండి. మెకానిక్కుల పాత చిట్కా. లోపల ఎక్కడ తప్పు కలిపినా బల్బు వెలుగుతుంది తప్ప 1.75 ఆంపియర్లకు మించి పోదు. చిన్నగా మిణుకుమని ఆరిపోతే కెపాసిటర్లు నిండాయని అర్థం, అంతా బాగున్నట్టే. లోడు పెట్టేటప్పుడు మాత్రం బల్బు తీసేయండి, లేకపోతే మాడ్యూల్ సరిగా లేవదు.

లోడుకు 10 ఓమ్‌ల 10 వాట్ల సిమెంట్ రెసిస్టర్లు నాలుగైదు కొనుక్కోండి. 5 వోల్టుల దగ్గర ఒక్కొక్కటి అర ఆంపియర్. ఒకదాని పక్కన ఒకటి చేర్చుకుంటూ పోతే, మీరు పెట్టిన లిమిట్ దగ్గర వోల్టేజీ జారడం మొదలవుతుంది. ఒకటిన్నరకు బిగించిన మాడ్యూల్‌లో మూడు రెసిస్టర్ల దాకా 5 నిలిచి, నాలుగోదానికి 3.7, 3.8 దగ్గరికి దిగాలి. దిగలేదంటే లిమిట్ పనిచేయట్లేదు, నెగెటివ్‌లు ఎక్కడైనా కలిశాయేమో వెతకండి.

తర్వాత లావుపాటి వైరు ముక్కతో నేరుగా షార్ట్. చిన్న నిప్పురవ్వ వస్తుంది, అది అవుట్‌పుట్ కెపాసిటర్‌ది, భయం లేదు. మొదట పది సెకన్లు. తీయగానే 5 వోల్టులు తిరిగొచ్చాయా చూడండి. వస్తే ఐదు నిమిషాలు. డయోడ్‌నూ చిప్పునూ వేలితో ముట్టుకోవద్దు, చుక్క నీళ్లు వేసి చూడండి, అదీ పవర్ తీశాక, ప్లాస్టిక్ ఒంటి మీద మాత్రమే. చుయ్‌మంటే వంద డిగ్రీలు దాటినట్టు. హీట్ సింక్ (వేడిని లాగేసే లోహపు రెక్కలు) వేయండి, లేదా లిమిట్ తగ్గించండి.

చివరి పరీక్షకు మే నెల మధ్యాహ్నం కావాలి. అనంతపురంలో బయట 42, 43 డిగ్రీలుంటే రేకు కింద మూసిన డబ్బాలో 60 దాటడం పెద్ద విషయం కాదు. ఆ వేడిలో 3 ఆంపియర్ల మాడ్యూల్‌ను హీట్ సింక్ లేకుండా 2 దాటించకండి. ఫ్యూజు బదులు పాలీఫ్యూజ్ (వేడెక్కితే కరెంటు ఆపి, చల్లారాక మళ్లీ ఇచ్చేది) వాడేవాళ్లు కూడా ఇది గుర్తుంచుకోవాలి. దాని మీద రాసిన కరెంటు గది వేడికి చెప్పినది. 60 డిగ్రీల దగ్గర అది దాదాపు మూడింట రెండు వంతులకు పడిపోయి, ఏ షార్టూ లేకుండానే మధ్యాహ్నం ఆగి, సాయంత్రం మళ్లీ పనిచేస్తుంది. ఆ రకం కంప్లయింట్ మీద నేను రెండుసార్లు చేనికి పోయి, రెండుసార్లూ బాగానే పనిచేస్తుండడం చూసి వచ్చాను. రెండుసార్లూ పోయింది సాయంత్రమే.

డబ్బా మూసే ముందు మూతకు లోపలి వైపు రెండు 3 ఆంపియర్ల ఫ్యూజులు టేపుతో అంటించండి. అక్కడ లేకపోతే ఎవరో ఒకరు వైరు పోగు చుట్టి నడిపేస్తారు, మా చిన్నాయనైతే సిగరెట్ పెట్టెలోని తగరం కాగితం కూడా చుట్టాడు.